గెలుపు ఒకరిది, పట్టింపు మరొకరిది: విశ్వవిద్యాలయ క్రీడల్లో ఏకపక్ష స్పర్ధలు

ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడోత్సవాలు 2020లో ఆరంభమైన నాటి నుంచి 2025 చివరి దాకా ఐదుసార్లు జరిగాయి. అందులో నాలుగుసార్లు సర్వోన్నత విజేత పంజాబ్, చండీగఢ్ ప్రాంతపు విశ్వవిద్యాలయమే. బెంగళూరులో 2022లో జరిగిన క్రీడల్లో జైన్ విశ్వవిద్యాలయం ఒక్కటే ఆ వరుసను తెంచగలిగింది. అంతకు చాలా ముందు నుంచి, 1956-57 నుంచి, ఏటా అత్యుత్తమ క్రీడా విశ్వవిద్యాలయానికి ఇస్తున్న మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీ చరిత్ర కూడా ఇదే మాట చెబుతుంది. అమృత్‌సర్‌లోని గురునానక్ దేవ్ విశ్వవిద్యాలయం ఒక్కటే దానిని ఇరవై సార్లకు పైగా గెలుచుకుంది. 2019, 2020, 2021 సంవత్సరాల్లో ఆ ట్రోఫీ వరుసగా చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయానికి దక్కింది.

గెలిచినవారి శ్రమను తక్కువ చేయనక్కరలేదు. అయితే ఫలితం ముందే తెలిసిపోయే పోటీలో ఓడేవారు ఎందుకు ఆడాలి, ఎంతకాలం ఆడతారు అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆ ప్రశ్న తీవ్రత పతకాల పట్టిక పై వరుసల్లో కనిపించదు. దానిని చూడాలంటే పట్టికలో చోటు దక్కని ఊళ్ల వైపు వెళ్లాలి.

లిలువా నుంచి చూస్తే

హౌరా స్టేషన్ నుంచి బర్ధమాన్ వైపు సాగే ప్రధాన మార్గంలో మొదటి స్టేషన్ లిలువా. 1900లో నెలకొన్న రైలు పెట్టెల కర్మాగారమే ఆ ఊరికి ఆయువుపట్టు. నేడది తూర్పు రైల్వే పరిధిలో ఉంది. జీటీ రోడ్డు పక్కన 1999లో ఏర్పడిన ఎంసీకేవీ ఇంజినీరింగ్ కళాశాల ఉన్నది కూడా ఇక్కడే. ఆ కళాశాల అనుబంధంగా ఉన్న రాష్ట్ర సాంకేతిక విశ్వవిద్యాలయానికి పెట్టిన పేరు మౌలానా అబుల్ కలాం ఆజాద్‌దే. అంటే విశ్వవిద్యాలయం పేరూ ఆజాద్‌దే, దేశంలోని విశ్వవిద్యాలయాలన్నీ కోరుకునే క్రీడా ట్రోఫీ పేరూ ఆజాద్‌దే. పేరు ఒక్కటే అయినా ఆ రెండింటి మధ్య దూరం లిలువా నుంచి అమృత్‌సర్‌కు ఉన్నంత.

ఇది ఒక్క కళాశాల కథ కాదు. హౌరా జిల్లాలోనే 1856 నాటి శివపూర్ ఇంజినీరింగ్ విద్యాసంస్థ ఉంది. గంగకు ఆవలి ఒడ్డున కలకత్తా, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఇలాంటి పరిసరాల్లో కొత్తగా వచ్చే ఏ కళాశాల అయినా తనకన్నా పాతదాన్ని, పేరున్నదాన్ని ప్రత్యర్థిగా ఎంచుకోవడం సహజం. పాత కళాశాల కళ్లు మాత్రం మరో ఎత్తు మీద ఉంటాయి. కింది మెట్టు మీదివారికి ఏడాదిలోకెల్లా ముఖ్యమైన పోటీ, పై మెట్టు మీదివారికి మామూలు తొలి రౌండు మాత్రమే అవుతుంది.

ఏకపక్షం రెండు రకాలు

ఏకపక్ష స్పర్ధ అన్న మాటలో రెండు వేర్వేరు విషయాలు కలగలిసి ఉన్నాయి. ఒకటి ఫలితాల్లో అసమానత: ఆడిన ప్రతిసారీ ఒకే జట్టు గెలవడం. రెండోది పట్టింపులో అసమానత: ఒక జట్టు రెండోదాన్ని బద్ధ ప్రత్యర్థిగా భావిస్తుంటే, రెండోది దాని ఉనికినే పట్టించుకోకపోవడం. మొదటిది ఉన్నచోట రెండోది ఉండాలన్న నియమం లేదు.

కోల్‌కతా నగరమే అందుకు సాక్ష్యం. ఈస్ట్ బెంగాల్ ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చిన 2020-21 నుంచి 2024-25 వరకు లీగ్ దశలో మోహన్ బగాన్‌తో పదిసార్లు తలపడి ఒక్కసారీ గెలవలేదు. తొమ్మిది ఓటములు, ఒక డ్రా. అయినా ఆ పోరును ఏకపక్షమని కోల్‌కతాలో ఎవరూ అనరు. 1975 ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ 5-0తో గెలిచిన రోజును రెండు శిబిరాలూ నేటికీ మరచిపోలేదు. లీగ్‌లో ఓడుతున్న కాలంలోనే ఈస్ట్ బెంగాల్ 2023 డ్యూరాండ్ కప్‌లోనూ, 2024 సూపర్ కప్‌లోనూ పాత బాకీలో కొంత తీర్చుకుంది. అంకెలు ఒకవైపు ఒరిగినా పట్టింపు ఇరువైపులా సమానంగా ఉన్నంత కాలం స్పర్ధ బతికే ఉంటుంది.

విశ్వవిద్యాలయ క్రీడల్లో లోపించినది సరిగ్గా ఇదే. అక్కడ ఓడే జట్టుకు దాచుకోదగిన జ్ఞాపకం లేదు, గెలిచే జట్టుకు ఓడినవారి పేరు గుర్తుండదు.

ప్రపంచం ఏం చెబుతోంది

ఇతర దేశాల అనుభవం ఈ రెండు రకాల తేడాను మరింత స్పష్టం చేస్తుంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాల పడవ పందెం 1829లో మొదలైంది. కేంబ్రిడ్జ్ పురుషుల జట్టు 1924 నుంచి 1936 వరకు పదమూడుసార్లు వరుసగా గెలిచింది. 1976 నుంచి 1985 వరకు ఆక్స్‌ఫర్డ్ పదిసార్లు వరుసగా గెలిచింది. 2025 పందెం ముగిసేసరికి లెక్క కేంబ్రిడ్జ్‌కు 88, ఆక్స్‌ఫర్డ్‌కు 81. దశాబ్దం పాటు ఒకవైపే మొగ్గిన తాసు మళ్లీ సమానానికి దగ్గరగా రావడానికి కారణం ఉంది. రెండు సంస్థల సంపద, ప్రతిష్ఠ, విద్యార్థులను ఆకర్షించే శక్తి దాదాపు సరిసమానం. ఒకరి వైభవం రెండోవారి వనరులను హరించదు.

అమెరికాలో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయానికీ నౌకాదళ అకాడమీకీ మధ్య ఫుట్‌బాల్ పోరు మరో పాఠం చెబుతుంది. 1964 నుంచి 2006 వరకు 43 ఏళ్ల పాటు నోటర్‌డామ్ ఒక్కసారి కూడా ఓడలేదు. 2007లో మూడు అదనపు దశల పోరాటం తర్వాత నౌకాదళం 46-44తో గెలిచి ఆ వరుసను ముగించింది. అంతకాలం ఆ పోటీ ఎందుకు కొనసాగింది? రెండో ప్రపంచయుద్ధ కాలంలో విద్యార్థులు తగ్గిపోయి ఆర్థికంగా చితికిపోతున్న నోటర్‌డామ్‌లో నౌకాదళం తన శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పి సంస్థను నిలబెట్టింది. ఆ మేలును మరువని విశ్వవిద్యాలయం నౌకాదళం కోరినంత కాలం ఆడుతూనే ఉంటానన్నది. ఫలితం ఏకపక్షమైనా గౌరవం ఉభయపక్షంగా ఉండవచ్చన్న మాటకు ఇంతకన్నా మంచి నిదర్శనం దొరకడం కష్టం.

జపాన్‌లో 1925లో ఏర్పడిన ఆరు విశ్వవిద్యాలయాల బేస్‌బాల్ లీగ్‌ది ఇంకో దారి. వాసెదా, కేయో, మేజీ, హోసే, రిక్క్యో జట్లతో పాటు టోక్యో విశ్వవిద్యాలయం కూడా అందులో సభ్యురాలు. ప్రవేశ పరీక్షలో నెగ్గినవారికే సీటు దక్కే టోక్యో విశ్వవిద్యాలయానికి ఆటగాళ్లను ఏరికోరి తెచ్చుకునే వీలు లేదు. లీగ్ చరిత్రలో అది ఒక్కసారీ విజేత కాలేదు. 2010 నుంచి 2015 వరకు వరుసగా 94 మ్యాచ్‌లు ఓడి, ఆ ఏడాది మే నెలలో హోసే మీద గెలిచింది. అయినా లీగ్ నుంచి దానిని తొలగించే నిబంధన లేదు. ప్రతి సీజన్‌లోనూ బలమైన జట్లన్నీ దానితో ఆడి తీరాలి. అందుకే 94 ఓటముల తర్వాత వచ్చిన ఆ ఒక్క గెలుపు జపాన్ అంతటా వార్త అయింది.

కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ బాస్కెట్‌బాల్ జట్టుదీ అలాంటి కథే. తన లీగ్‌లో వరుసగా 310 మ్యాచ్‌లు ఓడిన ఆ జట్టు 2011 ఫిబ్రవరిలో ఒక్క పాయింటు తేడాతో, 46-45తో గెలిచింది. 310 ఓటములు చవిచూడాలంటే ముందుగా 310 మ్యాచ్‌లు ఆడే అవకాశం ఉండాలి. భారతీయ విశ్వవిద్యాలయ జట్లకు అందనిది ఆ అవకాశమే.

ఒక్క ఓటమితో ముగిసే ఏడాది

భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం నిర్వహించే పోటీలు ముందుగా తూర్పు, పశ్చిమ, ఉత్తర, దక్షిణ మండలాల స్థాయిలో జరుగుతాయి. మండలంలో ముందు నిలిచిన జట్లకే అఖిల భారత దశలో ప్రవేశం. అక్కడ తొలి ఎనిమిది స్థానాల్లో ఉన్నవారికే ఖేలో ఇండియా క్రీడల్లో చోటు. మండల పోటీల తొలి దశలు చాలావరకు ఓడితే ఇంటికి పంపే పద్ధతిలోనే సాగుతాయి. ఏడాదంతా సాధన చేసిన జట్టు రెండు రాత్రుల రైలు ప్రయాణం చేసి, ఒక్క ఉదయం ఆడి, అదే సాయంత్రం తిరుగు రైలు ఎక్కవలసి రావచ్చు. ఆ ఒక్క ఉదయం ఎదురైన జట్టు మరుసటి ఏడాది ఎదురవుతుందన్న హామీ లేదు. పదే పదే తలపడనిదే స్పర్ధ పుట్టదు. స్పర్ధ లేనిచోట ఓటమి ఏ పాఠమూ నేర్పదు.

దీనికి తోడు లెక్క కట్టే విధానం ఒకటి ఉంది. ఆజాద్ ట్రోఫీ ఒక ఆటలో చూపిన ప్రతిభకు ఇచ్చేది కాదు. అనేక క్రీడాంశాల్లో సంపాదించిన పాయింట్లన్నీ కలిపి విజేతను తేలుస్తారు. ఒక్క ఫుట్‌బాల్‌లోనో, ఒక్క కబడ్డీలోనో దేశంలో మేటిగా ఉన్న చిన్న విశ్వవిద్యాలయం ఆ పట్టికలో పైకి రావడం దుర్లభం. విలువిద్య నుంచి పడవ పోటీల వరకు జట్లను, శిక్షకులను, సామగ్రిని పోషించగలిగిన సంస్థకే అది సాధ్యం. కాబట్టి ట్రోఫీ క్రీడాప్రతిభతో పాటు ఆర్థిక స్తోమతను కూడా కొలుస్తోంది.

పంజాబ్ విశ్వవిద్యాలయాల ఆధిపత్యం అయాచితంగా వచ్చింది కాదు. అక్కడి కళాశాలలు దశాబ్దాలుగా క్రీడాకారులకు ప్రవేశాల్లో ప్రాధాన్యం, రుసుముల మినహాయింపు, వసతి, పోషకాహారం సమకూరుస్తూ వచ్చాయి. ఇటీవల ప్రైవేటు విశ్వవిద్యాలయాలు అదే పద్ధతిని మరింత పెద్ద ఎత్తున అనుసరిస్తున్నాయి. 2024 ఫిబ్రవరిలో ఈశాన్య రాష్ట్రాల్లో ముగిసిన ఖేలో ఇండియా క్రీడల్లో చండీగఢ్ విశ్వవిద్యాలయం 32 స్వర్ణాలతో అగ్రస్థానంలో నిలవగా, లవ్లీ ప్రొఫెషనల్, గురునానక్ దేవ్ విశ్వవిద్యాలయాలు తర్వాతి రెండు స్థానాలు అందుకున్నాయి. మూడూ పంజాబ్‌వే. 2025లో రాజస్థాన్‌లో జరిగిన క్రీడల్లోనూ చండీగఢ్ విశ్వవిద్యాలయమే కిరీటాన్ని నిలుపుకొంది.

ఇక్కడే చక్రం పూర్తవుతుంది. గెలిచే సంస్థకు పేరు వస్తుంది, పేరు చూసి దేశం నలుమూలల నుంచి ప్రతిభావంతులు అక్కడికే చేరతారు, వారు చేరినందువల్ల ఆ సంస్థ మళ్లీ గెలుస్తుంది. ఓడిన సంస్థ పోగొట్టుకునేది ఈ ఏటి పతకాన్ని మాత్రమే కాదు, వచ్చే ఏటి ఆటగాడిని కూడా. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌ల మధ్య జరగనిది ఇదే.

హైదరాబాద్ చూసిన నష్టం

తెలుగునేలకు ఈ చక్రం కొత్త కాదు. 1950 నుంచి 1954 వరకు హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు రోవర్స్ కప్‌ను వరుసగా ఐదుసార్లు గెలిచింది. 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, ఉపాధ్యాయ వృత్తి నుంచి శిక్షకుడిగా ఎదిగిన సయ్యద్ అబ్దుల్ రహీం ఆ జట్టుకు ప్రాణం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానం సాధించినా, 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచినా ఆయన శిక్షణే ఆధారం.

అయితే వేతనం, ప్రేక్షకులు, పేరు కోల్‌కతాలో ఉన్నాయి. సికింద్రాబాద్‌లోని అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ, పెరూ జట్ల మీద గోల్ చేసిన ఆ మేటి ఆటగాడు తర్వాత హౌరా మార్గంలోనే, లిలువాకు కొన్ని స్టేషన్ల అవతల ఉన్న ఉత్తరపాడాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. 1966లో మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాద్ నుంచి అదే క్లబ్‌కు తరలివెళ్లారు. ఆటగాళ్లు ఎదిగారు, కోల్‌కతా క్లబ్‌లు వెలిగాయి. ఒకప్పుడు వారిని నేరుగా ఎదిరించిన నగరం మాత్రం క్రమంగా వారికి ఆటగాళ్లను పంపే నగరంగా మిగిలింది. ఆటగాళ్లు ఎదగడం తప్పు కాదు. ఒకవైపు నుంచే ప్రవాహం సాగితే మూలం ఎండిపోతుందన్నదే ఆ చరిత్ర చెప్పే మాట. నాడు ఆ ప్రవాహం చేరిన తీరాన ఉన్న కోల్‌కతా పరిసరాలు విశ్వవిద్యాలయ క్రీడల్లో నేడు ఎగువన ఉన్నాయి.

పతకం వెనుక కొలువు

ఈ అసమానతకు లిలువా వంటి ఊళ్లలో మరో అర్థం కూడా ఉంది. రైల్వే మీద బతికే కుటుంబాల్లో ఆట అంటే వినోదం మాత్రమే కాదు, కొలువుకు దారి కూడా. 1958లో కలకత్తా ఫుట్‌బాల్ లీగ్‌ను గెలిచి మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ క్లబ్‌ల ఆధిపత్యాన్ని ఛేదించినది పి.కె. బెనర్జీ ఆడిన ఈస్టర్న్ రైల్వే జట్టే. అలాంటి గెలుపు మరో జట్టుకు దక్కడానికి 61 ఏళ్లు పట్టింది. 2019లో పీర్‌లెస్ క్లబ్ ఆ మూడింటినీ దాటి విజేతగా నిలిచింది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారుల నియామక నిబంధనలు అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో తమ విశ్వవిద్యాలయం తరఫున ఆడినవారికి కూడా అర్హత కల్పిస్తున్నాయి. గట్టి పోటీ ఉన్న నియామకాల్లో ఆడినంత మాత్రాన సరిపోదు, సాధించిన స్థానం కూడా లెక్కకు వస్తుంది. కాబట్టి మండల దశలోనే వెనుదిరిగే జట్టులోని క్రీడాకారుడు పోగొట్టుకునేది ఒక మ్యాచ్ కాదు. సమాన ప్రతిభ ఉన్న ఇద్దరిలో ఒకరు బలమైన విశ్వవిద్యాలయంలో చేరి పతకం పొందితే, రెండోవారు సొంత ఊరి కళాశాలలో ఉండిపోయి ధ్రువపత్రంతో సరిపెట్టుకుంటారు. వారిద్దరి మధ్య తేడా ఆటలో లేదు, చేరిన చోటులో ఉంది.

ఆడపిల్లలకు ఈ తేడా మరింత భారం. వందల కిలోమీటర్ల దూరంలోని విశ్వవిద్యాలయానికి కుమార్తెను పంపడానికి వెనుకాడే కుటుంబంలో ఊరి కళాశాల జట్టే ఆమెకు ఉన్న ఒకే ఒక వేదిక. ఆ జట్టు రద్దయితే ఆమె ఆట కూడా అక్కడితో ఆగిపోతుంది.

మారే వీలుందా

మార్పు అసాధ్యమని చెప్పడానికి లేదు. కర్ణాటకలోని మూడుబిదిరె పెద్ద నగరం కాదు. అక్కడి ఆళ్వాస్ విద్యాసంస్థ క్రీడాకారులకు ఉచిత విద్య, వసతి కల్పించి శిక్షణ ఇస్తూ వచ్చింది. దాని ఆసరాతో మంగళూరు విశ్వవిద్యాలయం అంతర్ విశ్వవిద్యాలయ అథ్లెటిక్స్‌లో ఏళ్ల తరబడి అగ్రగామిగా నిలిచింది. అన్ని ఆటలనూ పట్టుకోకుండా ఒక్కదాని మీద దృష్టి నిలిపితే పంజాబ్ వెలుపల కూడా కోట కట్టవచ్చని ఇది నిరూపించింది.

విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజి ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున 2020లో ఇదే మూడుబిదిరెలో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో పూర్తిచేశారు. సాంకేతిక కారణాల వల్ల అది జాతీయ రికార్డుగా నమోదు కాలేదు. తర్వాత భువనేశ్వర్‌లో శిక్షణ పొందిన ఆమె 2023లో చెంగ్దూలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78 సెకన్లతో కాంస్యం గెలిచారు. తెలుగు విశ్వవిద్యాలయంలో మొదలైన పరుగు తూర్పు తీరంలోని శిక్షణతో ప్రపంచ వేదికను చేరింది. ఆ దారిలో తొలి మెట్టు ఒక ప్రాంతీయ విశ్వవిద్యాలయపు జట్టులో చోటు.

చెంగ్దూ క్రీడల్లోనే మరో పాఠం ఉంది. అక్కడ భారత్ 11 స్వర్ణాలు సహా 26 పతకాలు సాధించింది. అంతకు ముందు అన్ని క్రీడోత్సవాల్లోనూ కలిపి వచ్చిన పతకాల కన్నా అవి ఎక్కువ. ఆతిథ్య దేశం చైనా మాత్రం ఒక్క స్వర్ణాలే 103 గెలిచింది. దేశంలో పంజాబ్ ముందు ఇతర విశ్వవిద్యాలయాల స్థితి ఏదో, ప్రపంచంలో చైనా ముందు భారతీయ విశ్వవిద్యాలయాల స్థితి అదే. నాలుగైదు సంస్థల బలంతో ఆ అంతరాన్ని పూడ్చడం సాధ్యం కాదు.

కేంద్ర మంత్రివర్గం 2025 జూలైలో ఆమోదించిన ఖేలో భారత్ నీతి విద్యతో క్రీడలను మేళవించడాన్ని తన లక్ష్యాల్లో ఒకటిగా చెప్పుకుంది. 2030 కామన్వెల్త్ క్రీడలకు అహ్మదాబాద్ ఆతిథ్యం ఇవ్వనుంది. ఈ లక్ష్యాలు కాగితం దాటాలంటే చేయదగిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. మండల దశలో ఒక్క ఓటమితో ఇంటికి పంపే పద్ధతికి బదులు, ఇరుగుపొరుగు విశ్వవిద్యాలయాల మధ్య ప్రతి ఏటా తప్పనిసరిగా జరిగే లీగ్ పోటీలు పెట్టవచ్చు. మొత్తం పాయింట్ల ట్రోఫీతో పాటు ఒక్కో ఆటకు ఒక్కో గుర్తింపు, గత ఏడాదికన్నా మెరుగుపడిన జట్టుకు ప్రత్యేక పురస్కారం ఇవ్వవచ్చు. క్రీడా ఉపకార వేతనం సంస్థకు కాక విద్యార్థికి దక్కేలా చేస్తే, సొంత ఊరి కళాశాలలోనే ఉండి ఆడదలచినవారికి ఆసరా ఉంటుంది.

ఆధిపత్యం ఎక్కడైనా ఉంటుంది. దానిని నిబంధనలతో నిషేధించలేరు, నిషేధించనక్కరలేదు. 2020లో భువనేశ్వర్‌లో జరిగిన తొలి ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడల్లో పంజాబ్ విశ్వవిద్యాలయానికీ, పుణెలోని సావిత్రీబాయి ఫూలే విశ్వవిద్యాలయానికీ సమానంగా 17 స్వర్ణాలు వచ్చాయి. 19 రజతాలు ఉన్న పంజాబ్, 11 రజతాలు ఉన్న పుణెను దాటి విజేత అయింది. ఆ ఏడాది చివరి రోజు వరకు ఎవరు గెలుస్తారో తెలియదు. అటువంటి ముగింపు మళ్లీ రావాలంటే పంజాబ్ బలహీనపడనక్కరలేదు. లిలువాలోనూ, గుంటూరులోనూ, వరంగల్‌లోనూ ఓడిన జట్టుకు మరుసటి వారం ఇంకో మ్యాచ్ ఉండాలి.